డెల్టా కూరలు డెల్టా కొట్లోనే దొరుకుతాయి

(విదేశాలకు చదువులకి వెళ్తున్న పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రుల కోసం అమలాపురంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

నమస్కారమండి. ద్వారం దగ్గర నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మలందరూ పుస్తకం, పెన్నూ తెచ్చుకున్నారు. పిల్లలు ఒక్కళ్ళూ తెచ్చుకోలేదు. రేపు అక్కడ వండుకోవాల్సింది ఎవరండి? ఆ, అదీ. ఫోనుల్లో రాసుకోండి బాబూ.

ఇప్పుడు మీ అందరి ఇళ్ళల్లో ఒకటే గొడవ, పెట్టెలో ఏం పెట్టాలని. 23 కేజీల పెట్టెలు రెండనుకోండి, ఒకటి నిండా పచ్చళ్ళూ, పొడులూ, సున్నుండలూ. పెట్టండి, వద్దనను. కానీ అవి ఎన్నాళ్ళొస్తాయండి? మూడు నెలలు. స్నేహితులకి రుచి చూపిస్తే రెండు నెలలు. ఆ తర్వాత? ఆ తర్వాత సంగతి చెప్పడానికే ఈ మీటింగు.

అయితే ముందు పెట్టెలో పెట్టకూడనివి చెప్పేస్తాను. కోనసీమలో ఉన్నాం కాబట్టి కురిడీతో మొదలెడదాం. కురిడీ కొబ్బరి పెట్టకండి. అంబాజీపేట నుంచి ఎంత మంచిది తెచ్చినా సరే. ఎందుకంటే నూనె ఎక్కువున్న ఎండుకొబ్బరి విమానయాన నిబంధనల్లో తనంతట తాను వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. స్కానర్లో కనపడితే పెట్టె విప్పించి తీసేస్తారు. అక్కడ ఫ్రీజర్లో తురిమిన పచ్చికొబ్బరి ప్యాకెట్లు దొరుకుతాయి, దాంతో సరిపెట్టుకోండి.

రెండోది గసగసాలు. దుబాయ్, సౌదీ, సింగపూర్ వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. ఆ, నలుగురున్నారు. బాగా వినండి. గసగసాలు ఆ దేశాల్లో మత్తుమందు చట్టం కిందకి వస్తాయి. విడిగా ఉన్నవే కాదు, అమ్మ పట్టించిన మసాలా పొడిలో కలిసినవి కూడా. కాబట్టి ఆ మూడు దేశాలకీ ఇంట్లో పట్టించిన గరం మసాలా వద్దే వద్దు.

మూడోది పచ్చి కరివేపాకు. ఇది అందరూ రుమాల్లో చుట్టి పెట్టేస్తారు. కరివేపాకు నిమ్మ, నారింజల జాతిది. దాని మీద ఒక చిన్న పురుగు ఉంటుంది, నిమ్మ తోటల్ని చంపే తెగులు దాంతో పాకుతుంది. అందుకే అమెరికా పచ్చి ఆకు రానివ్వదు, ఆస్ట్రేలియా రానివ్వదు, యూరప్ రానివ్వదు. అక్కడి కొట్లో అమ్ముతారు, ఖరీదే. కొన్నాక కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, డబ్బాలో పెట్టి డీప్ ఫ్రీజర్లో పడెయ్యండి. తీసింది తీసినట్టు నూనెలో వెయ్యాలి. బయట పెట్టి మెత్తబడనిచ్చారా, నల్లబడుతుంది.

ఇంక నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి, మటన్ పచ్చడి. ఇంగ్లండ్‌కీ యూరప్‌కీ మన దగ్గర్నుంచి పాల సరుకూ, మాంసం సరుకూ తీసుకెళ్ళకూడదు. అమెరికాకి మాంసం పచ్చళ్ళు వద్దు. ఏ దేశమైనా సరే, దిగేముందు ఇచ్చే ఫారంలో తినే వస్తువులు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయని రాయండి. రాస్తే మహా అయితే తీసి పారేస్తారు. రాయకపోతే? న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్లు జరిమానా. ఆస్ట్రేలియాలో అయితే వీసా రద్దు చేసి వెనక్కి పంపే అధికారం కూడా వాళ్ళకుంది. ఒక్క ఆవకాయ సీసా కోసం చదువు పోగొట్టుకుంటామా అండి?

పచ్చడి ఎలా కట్టాలో కూడా అడుగుతున్నారు. గాజు సీసా వద్దు. నూనె తేలేలా పొయ్యకండి, ముక్కకి పట్టినంత చాలు, మిగతా నూనె అక్కడ కాచి పోసుకోవచ్చు. డబ్బా మూతిదాకా నింపొద్దు, రెండు వేళ్ళ ఖాళీ ఉంచండి. పైకెళ్ళాక విమానంలో గాలి ఒత్తిడి తగ్గుతుంది, డబ్బాలో ఇరుక్కున్న గాలి ఉబ్బి నూనెని బయటికి తోస్తుంది. కారేది అందుకే, మూత సరిగ్గా పెట్టక కాదు. చేతి సంచిలో పెడితే పచ్చడి కూడా ద్రవం లెక్కే, 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు.

పెట్టాల్సినవి ఏంటంటే, ఇడ్లీ రేకులు, మూడు లీటర్ల కుక్కరు, దానికి రెండు గాస్కెట్లు. కుక్కరు కొనేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం వేసుకెళ్ళండి. నవ్వుతున్నారు గానీ, నిజంగానే చెప్తున్నాను. అక్కడ అద్దె గదుల్లో ఇండక్షన్ పొయ్యిలు చాలా ఉంటాయి. అయస్కాంతం అడుగుకి అంటుకుంటే ఆ కుక్కరు పనిచేస్తుంది. అంటుకోకపోతే పొయ్యి దాన్ని గిన్నె కింద లెక్కే వెయ్యదు. మామూలు అల్యూమినియం కుక్కరు అంటుకోదు. మిక్సీ సంగతి: ఇంగ్లండ్, యూరప్, ఆస్ట్రేలియా, దుబాయ్‌లలో కరెంటు మనలాగే 230 వోల్టులకి దగ్గరగా ఉంటుంది, ప్లగ్గు మార్చుకుంటే చాలు. అమెరికా, కెనడాలో 120, జపాన్‌లో 100. అక్కడికి మన మిక్సీ మొయ్యొద్దు. మొయ్యడానికి అది బరువు, దాన్ని నడపడానికి కావాల్సిన ట్రాన్స్‌ఫార్మరు దానికన్నా బరువు. మన కంపెనీలే 110 వోల్టుల మిక్సీలు చేసి అక్కడ అమ్ముతున్నాయి.

చలిదేశంలో ఇడ్లీ పిండి

సరే, ఇప్పుడు అసలు బాధ. ఇడ్లీ పిండి పొంగట్లేదు. ఏ దేశం నుంచి ఫోను చేసినా పిల్లలు మొదట చెప్పేది ఇదే కదండీ?

కొలత మన కొలతే. మినపగుళ్ళు ఒక గ్లాసు, ఇడ్లీ రవ్వ రెండు గ్లాసులు, మెంతులు పావు స్పూను. పప్పు ఐదు గంటలు, రవ్వ విడిగా గంటన్నర. రవ్వ దొరక్కపోతే అమెరికాలో క్రీమ్ ఆఫ్ రైస్ అని డబ్బాల్లో దొరికే బియ్యం నూక వాడొచ్చు. ఇంగ్లండ్‌లో గ్రౌండ్ రైస్ అంటారు, అది మరీ మెత్తన, ఇడ్లీ బంకగా వస్తుంది. పప్పు మాత్రం గుళ్ళే కొనండి, బద్దలు కాదు. పొంగించే సూక్ష్మజీవులు ఆకాశం నుంచి ఊడిపడవు, ఆ పప్పుని పట్టుకునే వస్తాయి. ల్యూకోనోస్టాక్ అని శాస్త్రం వాళ్ళు పేరు పెట్టారు. రెండేళ్ళు అలమరలో పడున్న బద్దల్లో అవీ తక్కువే, నురుగు పట్టి ఉంచే జిగురూ తక్కువే.

రుబ్బేటప్పుడు ఐసు నీళ్ళు పొయ్యండి. మన రాతి రోలు వేడెక్కదు, మిక్సీ జారు వేడెక్కుతుంది. ముట్టుకుంటే వెచ్చగా ఉందంటే జిగురు విరిగిపోయినట్టే. నిమిషం తిప్పడం, నిమిషం ఆపడం. గ్లాసు పప్పుకి గ్లాసుంబావు నీళ్ళకి మించకూడదు. అయిందో లేదో తెలియాలంటే చెంబెడు నీళ్ళలో బొట్టు వేసి చూడండి, తేలాలి. మునిగితే ఇంకా రుబ్బాలి. రవ్వలో నీళ్ళు గట్టిగా పిండేసి, రుబ్బిన పప్పులో కలపండి, గరిటెతో కాదు, చేత్తో.

పిండికి 28 నుంచి 32 డిగ్రీలు కావాలి. మనకి వంటింట్లో ఊరికే వస్తుంది కాబట్టి మనం దాన్ని లెక్కలో వేసుకోము. ఆ వేడిలో ఎనిమిది, పది గంటలు. 20 డిగ్రీలకి దిగితే రోజు పట్టినా పట్టొచ్చు. 15కి దిగితే పిండి నిద్రపోతుంది. మరేం చెయ్యాలి? ఒవెన్‌లో పెట్టి లైటు మాత్రం వెయ్యమంటారు. అది పాతకాలం బల్బు అయితేనే. ఎల్‌ఈడీ అయితే వెలుగొస్తుంది గానీ వేడి రాదు. రాత్రంతా లైటు వేసి, పొద్దున్నే చూసి ఏడుస్తారు. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కరు ఉంటే పెరుగు మోడ్‌లో తక్కువ వేడి పెట్టి, మామూలు గాజు మూత వెయ్యండి. ఏదీ లేకపోతే పిక్నిక్‌లకి వాడే ఐసు పెట్టె ఒకటి, రెండు సీసాల వేడినీళ్ళు. చల్లదనం లోపల ఉంచే పెట్టె వెచ్చదనాన్నీ లోపలే ఉంచుతుంది. ఐదారు గంటలకోసారి నీళ్ళు మార్చండి.

పులిసింది గానీ పొంగలేదు అంటే నీళ్ళెక్కువైనట్టు, లేదా జారు వేడెక్కినట్టు. పొంగింది గానీ ఇడ్లీ రాయిలా ఉంది అంటే రవ్వ ఎక్కువైనట్టు. రెండూ కాకుండా పొద్దున్నకి పెట్టింది పెట్టినట్టే ఉంటే? పారెయ్యకండి. దిబ్బరొట్టె వెయ్యండి.

ఇది మనవాళ్ళెవరూ ఆలోచించరు. అక్కడికెళ్ళి ఇడ్లీ కోసం నానా పాట్లూ పడతారు గానీ, పాలకొల్లు, నరసాపురం వైపు పొద్దున్నే కాల్చే దిబ్బరొట్టెకి పులవక్కర్లేదు. అదే పప్పు, అదే రవ్వ, పిండి కాస్త గట్టిగా, జీలకర్ర, ఉప్పు. చలిదేశానికే పుట్టిందేమో అనిపిస్తుంది. అక్కడ పోత ఇనుము మూకుళ్ళు చవగ్గా దొరుకుతాయి. ఎనిమిదంగుళాలది కొనుక్కోండి. మూడు స్పూన్ల నూనె, కాగాక అంగుళంన్నర మందాన పిండి, మూత, సన్నటి సెగ మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. అంచులు ఎర్రబడి దానంతటది వదిలాక తిప్పి, మూత తీసి ఏడు నిమిషాలు. తొందరపడి సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. అందరూ పాడుచేసేది అక్కడే. బెల్లం పాకంతో తినేవాళ్ళకి ఒక మాట, కెనడాలో మేపుల్ పాకం ఆ పనికి బాగానే వస్తుంది. పెసరట్టుకీ పులుపు అక్కర్లేదు, ఉప్పుడు పిండికీ అక్కర్లేదు. ఆ రెండూ మీ అమ్మల్ని అడగండి, నాకన్నా బాగా చెప్తారు.

పోపు గురించి ఒక్క మాట. హాస్టలు గదుల్లో పొగ గంటలుంటాయి. ఎండుమిర్చి మాడితే బిల్డింగు మొత్తం మోగుతుంది, అర్ధరాత్రి అందరూ చలిలో రోడ్డు మీద నిలబడాలి. గంటకి కవరు తొడగడం నేరం, ఆ పని చెయ్యకండి. ఆవాలు చిటపటలాడాక పొయ్యి ఆపేసి, అప్పుడు మిర్చీ, ఇంగువా వెయ్యండి. నూనె వేడికే వేగిపోతాయి.

ఏ కొట్టుకి వెళ్ళాలి

ఇప్పుడు కొట్ల సంగతి. అందరూ ఇండియన్ స్టోరుకే వెళ్తారు. వెళ్ళండి. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు, షికాగోలో డెవాన్ ఎవెన్యూ, లండన్‌లో ఈస్ట్ హామ్, టూటింగ్, సిడ్నీలో హారిస్ పార్క్, సింగపూర్లో సెరంగూన్ రోడ్డు, అన్నిచోట్లా ఉన్నాయి. అయితే చాలా కొట్లలో పేర్లు హిందీవి, గుజరాతీవి. కంది అంటే తూర్, మినప అంటే ఉరద్, బొంబాయి రవ్వ అంటే సూజీ, ఇవి అందరికీ తెలుసు. తెలియంది ఒకటుంది. పుట్నాల పప్పుని గుజరాతీలు దాలియా అంటారు. గోధుమ నూకని హిందీవాళ్ళు దలియా అంటారు. ప్యాకెట్టు మీద ఇంగ్లీషులో రెండూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. చట్నీకని తెచ్చి ఉప్మా చేసుకున్నవాళ్ళున్నారు. పేరు కాదు, గింజ చూసి కొనండి. కందిపప్పు ప్యాకెట్టు మీద ఆయిలీ అని ఉంటే దానికి ఆముదం రాసి ఉంటుంది, వేడినీళ్ళతో రెండుసార్లు కడగండి.

కానీ మనకి కావాల్సినవి ఆ కొట్లో అన్నీ ఉండవు. ఉండవెందుకు? మనం తినేది డెల్టా తిండి. బచ్చలి, కంద, పనస, అరటిపువ్వు, చేమ, గోంగూర, పులస. నీళ్ళలో, బురదలో, ఉక్కలో పెరిగేవి. గుజరాత్, పంజాబ్ వంటల్లో వీటికంత చోటు లేదు. మరి ఇంకెవరు తింటారండీ ఇవి? ఆలోచించండి. ఇంకో డెల్టా వాళ్ళు! మెకాంగ్ డెల్టా వాళ్ళు, వియత్నాం. ఇరావతి డెల్టా వాళ్ళు, బర్మా. గంగ డెల్టా వాళ్ళు, బంగ్లాదేశ్. మనం గోదారి ఒడ్డున ఏం తింటామో వాళ్ళు వాళ్ళ ఏటి ఒడ్డున అదే తింటారు, వండేది వేరుగా వండుతారు. కాబట్టి ఇండియన్ స్టోరు నుంచి బయటికొచ్చి, రోడ్డు దాటి, ఆ కొట్టుకి వెళ్ళండి.

వియత్నాం కొట్లో బచ్చలిని మోంగ్ తోయ్ అంటారు. ఫిలిప్పీన్స్ వాళ్ళ దగ్గర అలుగ్‌బాతీ. వాళ్ళ దగ్గరే మునగాకు మలుంగ్గాయ్, సొరకాయ ఉపో. తోటకూర జమైకా వాళ్ళ కొట్లో కల్లలూ. కంద ఒక్కటే మళ్ళీ ఇండియన్ స్టోరు ఫ్రీజర్లో, సూరన్ అని. ఇంకేముంది, కంద బచ్చలి సిద్ధం. పెళ్ళి భోజనం.

పనసపొట్టు వినండి. పనసకాయ కొట్టేవాడు అక్కడ దొరకడు. కానీ థాయ్ కొట్లో లేత పనస డబ్బా దొరుకుతుంది. ఉప్పునీళ్ళలో వేసినదా, పాకంలో వేసినదా, చదివి కొనండి. పాకంలోది పండు, కూరకి పనికిరాదు. 565 గ్రాముల డబ్బాలు రెండు తెస్తే వంచాక అరకేజీ పైచిలుకు ముక్క వస్తుంది. మూడు నీళ్ళు కడిగి, ఐదు నిమిషాలు ఉడకబెట్టి వార్చండి, ఉప్పు పోతుంది. గుడ్డలో వేసి గట్టిగా పిండండి. మిక్సీలో ఒక్కొక్క తిప్పు, ఆపి ఆపి, మొత్తం మూడు తిప్పులు. నాలుగోది తిప్పితే ముద్ద. ఆ పొట్టుని గుడ్డ మీద అరగంట ఆరనివ్వండి. ఈ పని మానేశారా, కూర పొడిపొడిగా రాదు, ఉప్మాలా వస్తుంది.

డబ్బా పనసలో నిలవ కోసం సిట్రిక్ ఆమ్లం కలుపుతారు, కొంచెం పులుపు ముందే ఉంటుంది. అందుకని చింతపండు మామూలుగా వేసేదాంట్లో సగం, చిన్న ఉసిరికాయంత చాలు. నాలుగు స్పూన్ల నూనె, శనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఆరు ఎండుమిర్చి, జీడిపప్పు, ఇంగువ, కరివేపాకు. పొట్టు, పసుపు, చింతపండు గుజ్జు వేసి తడి పోయేదాకా వేయించి దింపెయ్యండి. దింపాక ఆవ. రెండు స్పూన్ల ఆవాలు, రెండు ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు, స్పూను చల్లటి నీళ్ళు వేసి నూరాలి. ఆవలో ఘాటు నూరి తడిపినప్పుడే పుడుతుంది, వేడి తగిలితే చచ్చిపోయి చేదు మిగులుతుంది. కూర చేత్తో ముట్టుకునేంత చల్లారాకే కలపాలి. ఆవాలు నల్లవే కొనండి. అక్కడి పసుపు రంగు ఆవాలు నాలుక మీద మండుతాయి గానీ ముక్కుకెక్కవు. ముక్కుకెక్కని ఆవ ఆవేనా?

గోంగూర బర్మా వాళ్ళ కొట్లో చిన్ బౌంగ్. పచ్చిది దొరికితే అదృష్టం, లేకపోతే ఫ్రీజర్లో ఉంటుంది. ఫ్రీజరుది నీళ్ళు వదులుతుంది, ఆ నీళ్ళు ఇగిరి నూనె తేలేదాకా వేయించండి. అయినా నిలవ పచ్చడికి అది పనికిరాదు, ఫ్రిజ్‌లో వారం. సూపర్‌మార్కెట్లో సారెల్ అని పుల్లటి ఆకు అమ్ముతారు, పులుపు ఉంటుంది గానీ అది వేరే మొక్క. చింతపండు కూడా థాయ్ వాళ్ళ దగ్గర దిమ్మగా ఉన్నది కొనండి. పెంకుతో పెట్టెల్లో పెట్టి అమ్మే తియ్య చింతపండు జోలికి వెళ్ళకండి, అది వాళ్ళు పండులా తినేది.

ఆ, నాన్నగారెవరో పులస అన్నారు. వస్తున్నానండి, పులస లేకుండా అమలాపురంలో మీటింగు ముగుస్తుందా! సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, గోదారి ఎర్రనీళ్ళు తాగితే పులస, కదండీ. బంగ్లాదేశ్ వాళ్ళకి అదే ఇలిష్. వాళ్ళ కొట్లో ఏడాది పొడుగునా గడ్డకట్టించిన చేప ఉంటుంది. యానాం రేవులో దొరికే రుచి వస్తుందా? రాదు. పుస్తెలు అమ్మక్కర్లేదు, అంతే లాభం. కొట్టువాడినే ముక్కలు కొయ్యమనండి, రంపం మీద కోస్తాడు. రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వాలి. వేడినీళ్ళలో కరిగిస్తే కొవ్వు పోతుంది, ఆ చేపకి రుచంతా కొవ్వులోనే. ఎక్కువసార్లు కడగొద్దు. పులుసు మరిగాక ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పండి. బెండకాయలు చివర్లో. మర్నాడు తినాలి, ఈ రూలు అక్కడా అంతే. అమెరికా తూర్పు తీరంలో వసంతకాలంలో షాడ్ అని దాని దాయాది చేప దొరుకుతుంది. ముళ్ళు మాత్రం ఏం తక్కువ ఉండవు.

బియ్యం గురించి ఎక్కువ చెప్పను. మన మార్టేరు స్వర్ణ అక్కడ కొట్లలో కనపడడం అరుదు, సోనా మసూరి కొనుక్కోండి. 2023 జులైలో మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేస్తే అమెరికాలో మనవాళ్ళు బస్తాలకి బస్తాలు ఎగబడి కొన్నారు. మరుసటేడు సెప్టెంబరులో మళ్ళీ వదిలారు. అప్పటికి ఆ బస్తాల్లో పురుగు పట్టింది. అలాంటిది మళ్ళీ జరిగితే థాయ్ జాస్మిన్ బియ్యం వాడండి. గ్లాసుకి గ్లాసుంబావు నీళ్ళే, రెండు పోస్తే జావ. పెరుగన్నానికైతే అదే బాగుంటుంది.

వండుకునే ఓపిక లేని రోజు హోటలుకి వెళ్తే, సౌత్ ఇండియన్ అన్న బోర్డుంటే అది ఎక్కువగా తమిళ వంటో, ఉడుపి వంటో. సాంబారు బాగుంటుంది, పప్పుచారు అడిగితే తెల్లమొహం వేస్తారు. న్యూయార్క్‌లో ఫ్లషింగ్ గణపతి గుడి కింద క్యాంటీన్ ఉంది, దోసెలు పేరుపొందినవి. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడిలో పులిహోర. ఊరు కొత్తయితే ముందు గుడి వెతకండి.

ఇంకేమన్నా అడగాలా? చెప్పండమ్మా. తోడు పెరుగు తీసుకెళ్ళొచ్చా అని. వద్దమ్మా, పాల సరుకు కదా. అక్కడే మామూలు పెరుగు, చక్కెర లేనిది, డబ్బా మీద లైవ్ కల్చర్ అని రాసినది ఒక చిన్నది కొనమనండి. గ్రీకు పెరుగు వడకట్టినది, తోడుకి పనిచేస్తుంది గానీ దండగ. అరలీటరు పాలు కాచి, చిటికెనవేలు పెట్టి పది లెక్కపెట్టగలిగే వేడికి దిగాక ఒక స్పూను. ఇందాక చెప్పిన ఐసు పెట్టె ఉంది కదా, అందులో ఏడు గంటలు. తియ్యగా తోడుకుంటుంది. మన పులుపు కావాలంటే ఇంకో మూడు గంటలు అందులోనే ఉంచమనండి.